గుమ్మం పక్క గోడ మీద రెండు రంగులు

నాకు పదిహేడేళ్లున్నప్పుడు టెక్కలిలోని మా ఇంట్లో ఒక చిన్న గదికి ఏ రంగు వెయ్యాలో తేల్చడానికి ఆరు వారాలు పట్టింది. చూస్తే రంగులు రెండే. ఒకటి పసుపు, ఇంకొకటి ఎర్రటి కావి. రెండూ సున్నంలో కలిపే మట్టిరంగులే, రెండూ బజారులో కాగితం పొట్లాల్లో దొరికేవే. అంత చిన్న విషయానికి అన్నాళ్లు ఎందుకు పట్టిందో అప్పుడు నాకు తెలీదు. నా వల్లనే ఆలస్యమవుతోందని అనుకునేదాన్ని.

అరవైల చివరి సంవత్సరాలవి. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. అమ్మది సోంపేట దాటాక సముద్రం వైపున్న కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో ఒక ఊరు. నేను వాళ్లకి ఒక్కదాన్నే. ఎస్సెల్సీ పాసై, పై చదువు మాట ఎవరూ ఎత్తకపోవడంతో ఇంట్లోనే ఉన్నాను. ఆ ఏడు పుష్యమాసం చలిలో నాకు జ్వరం పట్టుకుంది. పగలంతా బాగానే ఉండేది. దీపాలు పెట్టే వేళకి ఒళ్లు వెచ్చబడి, కళ్లు మండి, కుడి డొక్కలో ఊపిరి తీసినప్పుడల్లా పొడిచినట్టయ్యేది. ఊళ్లో మందులు పనిచెయ్యక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తి చుట్టూ పొరలో నీరు చేరిందన్నారు. వీపులోంచి లావుపాటి సూది గుచ్చి ఆ నీరు తీశారు. నెల రోజులు అక్కడే ఉంచి, రోజూ ఇంజెక్షన్లిచ్చి, ఇంక ఇంటికి తీసుకెళ్లొచ్చని చెప్పారు. ఇంటి దగ్గర కూడా చాలా నెలలు ఇంజెక్షన్లు తప్పవనీ, మంచం దిగకూడదనీ, గాలీ వెలుతురూ ఉన్న గదిలో ఉంచాలనీ చెప్పారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే దశ కాదని కూడా డాక్టరు గారు నాన్నతో రెండుసార్లు చెప్పారు. నేను విన్నాను.

కానీ ఆ మాట టెక్కలి వరకూ రాలేదు. మాకంటే ముందు టీబీ అన్న రెండక్షరాలే వచ్చాయి.

మా ఇంటికి వీధి వైపు ఒక గది ఉండేది. అమ్మ పుట్టింటి నుంచి వచ్చే కొబ్బరికాయలూ, ధాన్యం బస్తాలూ అందులో ఉండేవి. నేను ఆసుపత్రిలో ఉండగానే నాన్న అది ఖాళీ చేయించి, తెల్లసున్నం వేయించి, నవారు మంచం వేయించి ఉంచారు. వీధి గోడకి ఒక గుమ్మం, ఒక కిటికీ. సందు వైపు ఇంకో కిటికీ. ఇంట్లోకి ఒక తలుపు. నా మంచం లోపలి వైపు వేశారు. పడుకుంటే ఎదురుగా వీధి గుమ్మం, దాని పక్క గోడా కనిపించేవి.

బండి దిగి, అమ్మ భుజం పట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టాను. నాలుగు వైపులా తెలుపు. తాజా సున్నం వాసన. మంచం మీద తెల్ల దుప్పటి. ఏమైందో తెలీదు, అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"ఏటయిందే? ఇంటికొచ్చీసేవు కదే, ఇంకా ఎందుకేడుపు?" అంది అమ్మ కంగారుగా.

"ఇది కూడా ఆసుపత్రిలాగే ఉందమ్మా" అన్నాను.

నాన్న నా పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. పెట్టె కింద పెట్టి, చెప్పులు విప్పి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. ఆయన పద్ధతే అంత. ఆఫీసులో ఎలా ఉండేవారో గాని, ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నా విషయాలన్నీ అమ్మతోనే నడిచేవి. నాకేం కావాలో ఆయన నన్ను అడగడం అప్పటి దాకా ఎరగను.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు పొట్లాలు తెచ్చారు. వెనకాలే ఇళ్లకి సున్నాలు వేసే ముసలాయన వచ్చాడు. మొన్న ఆ గదికి సున్నం వేసింది అతనే. రెండు ముంతల్లో సున్నం వేరు వేరుగా కలిపి, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో కావి గుమ్మరించి, కుంచెతో గుమ్మం పక్క గోడ మీద రెండు పట్టీలు వేశాడు. ఒక్కొక్కటి చాపంత వెడల్పు. మధ్యలో జానెడు తెలుపు వదిలేశాడు.

వేసినప్పుడు రెండూ ముదురుగా, భయం పుట్టించేలా ఉన్నాయి. నా మొహం చూసి అతను నవ్వాడు.

"తడి మీద సూసి మోసపోకు పాపా. ఇప్పుడు సిక్కగా కనబడతాయి. ఆరినాక సగం పాలిపోతాయి. రెండు రోజులాగి సెప్పు, ఏది బాగున్నాదో."

నన్ను చెప్పమన్నాడేమిటని నాన్న వైపు చూశాను. నాన్న గోడ వైపే చూస్తూ, "చూసేది నువ్వు కదా. నువ్వే చెప్పు" అన్నారు.

రెండు రోజులకి రంగులు నిజంగానే మారిపోయాయి. పసుపుది మాగిన అరటిపండు తొక్క రంగుకి దిగింది. కావిది కాల్చిన కుండపెంకు రంగుకి వచ్చి, ఆ మీద ఇంకొంచెం తేలికపడింది. నాకు చెయ్యడానికి వేరే పని లేదు. పుస్తకం పట్టుకుంటే చేతులు నొప్పి పుట్టేవి. పొద్దస్తమానం వాటినే చూస్తూ పడుకునేదాన్ని. పొద్దున్న పసుపుది బాగుండేది. సందు వైపు కిటికీలోంచి వెలుగు వచ్చి దాని మీద పడితే గది అంతా ఇప్పుడే కడిగినట్టుండేది. ఆ వేళ కావిది మబ్బుగా, నిద్ర లేవనట్టుండేది. మధ్యాహ్నం ఎండ ఎక్కువైతే పసుపుది చూడలేకపోయేదాన్ని. సాయంత్రం పెరటి తలుపూ, నడవ తలుపూ తీసి ఉంటే పడమటి ఎండ ఇల్లంతా దాటుకుని వచ్చి సరిగ్గా ఆ గోడ మీదే పడేది. అప్పుడు కావి పట్టీ లోపల్నుంచి ఎవరో దీపం పెట్టినట్టు వెలిగేది.

పొద్దున్న ఒకటి ఎంచుకుంటే సాయంత్రానికి రెండోది నచ్చేది. ఆదివారం ముసలాయన వచ్చాడు.

"ఇంకా తేల్లేదు" అన్నారు నాన్న అరుగు మీంచే.

అమ్మకి చిరాకేసింది. "కావి ఏయించీరాదా? శుభంగా ఉంటాది, మాసినా కనబడదు. పసుపేత్తే కామెర్లొచ్చినట్టుంటాది గోడ. దానికేటింత ఆలోసన?"

"దాన్ని తేల్చుకోనీ" అన్నారు నాన్న. ముసలాయన కుంచె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టం కాదు గాని చుట్టం కంటే ఎక్కువ. నాన్న ఆవిడని వదినా అనేవారు. నాకు జ్వరం రాకముందు రోజుకి నాలుగుసార్లు మా వంటింట్లోకి వచ్చి, మూత తీసి కూర చూసి వెళ్లే మనిషి. ఇప్పుడు మెట్ల కింద నిలబడి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "గుంటకెలగున్నాదే?" అని అమ్మని నా సంగతి అడిగి వెళ్లిపోయేది. మంచం మీద పడుకున్న నాకు ఆ గొంతు వినిపించేది, అరుగు అడ్డమై మనిషి కనిపించేది కాదు. మిగతా వాళ్లూ అంతే. వీధిలో ఎవరెవరు వెళ్తున్నారో చెప్పుల చప్పుడు బట్టి నాకు తెలిసేది. మా ఇంటి ముందుకి వచ్చేసరికి ఆ చప్పుడు కొంచెం తొందరపడేది.

ఒక పొద్దున్న పెద్దమ్మ అలాగే మెట్ల కింద నిలబడి అడుగుతూంటే అరుగు మీద నాన్న పేపరు మడిచారు.

"వదినా, మీ ఇల్లు కట్టినప్పుడు రంగులన్నీ నువ్వే ఎంచావు కదా. ఇక్కడ గదిలో రెండు రంగులు వేయించాను. మాలో ఎవరికీ తేలడం లేదు. ఓసారి చూసి చెబుదూ" అన్నారు. ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన నోట విని నేను దిండు మీంచి తల ఎత్తాను.

రంగుల మాట వినేసరికి ఆవిడకి ఆగలేదు. రెండు మెట్లెక్కి గుమ్మంలోకి తొంగిచూసింది.

"ఎక్కడ మరిదీ? ఏటీ కనబళ్లేదు. అంతా తెలుపే కదా."

"గుమ్మం పక్క గోడకే. లోపలికెళ్లి ఇటు తిరిగి చూడాలి."

ఆవిడ ఒక క్షణం ఆగింది. చెంగు ముక్కు దగ్గరే ఉంది. తర్వాత గడప దాటి రెండడుగులు లోపలికి వేసి, వెనక్కి తిరిగింది. తిరిగేసరికి నా మంచం ఆవిడ వీపుకి బెత్తెడు దూరంలో ఉంది.

"ఓలమ్మో, ఇదేటి మరిదీ, ఈ కావి ఇంత సిక్కగా కలిపించీసేవు? ఇందులో ఇంకో ముంత సున్నం పడాలి!" అంటూ చెంగు వదిలేసి గోడ దగ్గరికి వెళ్లి వేలితో గీకింది. గీకి, వేలు చూసుకుని, నా వైపు తిరిగింది. అప్పుడు నన్ను దగ్గర్నుంచి చూసింది. రెండు నెలల తర్వాత.

"ఎంత సిక్కిపోయావే తల్లీ" అంది నెమ్మదిగా. ఆ గొంతు వేరుగా ఉంది. మంచం పట్టె మీద కూర్చుంది. కూర్చుని, వాళ్ల ఇంటికి రంగులు ఎలా వేయించిందో, మేస్త్రీ ఎలా మోసం చెయ్యబోయాడో, ఆవిడ ఎలా పట్టేసిందో గంటసేపు చెప్పింది. వెళ్తూ, "పసుపే ఏయించు, మొహానికి కళొత్తాది" అంది. మర్నాడు మధ్యాహ్నం, చెప్పకుండానే, గిన్నెలో పెసరట్టు పెట్టుకుని వచ్చి, నేను తినేదాకా కూర్చుంది. కావి గురించి ఆలోచన మార్చుకున్నట్టు కూడా చెప్పింది.

ఆ తర్వాత నాన్న ప్రతివాళ్లనీ అడగడం మొదలుపెట్టారు. పోస్టు ఇవ్వడానికి వచ్చినాయన, తాలూకా ఆఫీసులో నాన్న పక్క కుర్చీ ఆయన, అమ్మకి కూరగాయలు తెచ్చే మనిషి, అందరూ గడప దాటి లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గోడని చూసినవాళ్లే. ఆఫీసాయన చాలాసేపు చూసి ఆకుపచ్చ వేయించమన్నాడు. ఈ రెండిట్లోనే చెప్పాలన్నారు నాన్న. అయితే మధ్యలో ఉన్న తెలుపే బాగుందన్నాడు ఆయన. అంతలో ఇద్దరూ కొండల వైపు వెళ్తున్న పోలీసు లారీల గురించి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నా గదిలో అలా పెద్దవాళ్లు నిలబడి లోకం సంగతులు మాట్లాడుకోవడం నాకు చాలా బాగుండేది. నన్ను ఎవరూ ఏమీ అడక్కపోయినా బాగుండేది.

చైత్రం వచ్చింది. అమ్మ నాన్నగారు, మా తాత, ఒక గంపెడు జీడిపళ్లు పట్టుకుని సోంపేట నుంచి బస్సులో దిగాడు. గింజ తీసేసిన పళ్లు. దారి పొడుగునా రసం కారి, బస్సులో వాళ్లందరి చేతా తిట్లు తిన్నానని సంతోషంగా చెప్పాడు. తాతకి ఎవరూ రంగుల సంగతి చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ఎవరు వద్దన్నా నేరుగా నా మంచం దగ్గరికే వచ్చే మనిషి. గోడ చూసి, గంపలోంచి ఒక పసుపు పండూ ఒక ఎర్ర పండూ తీసి, వెళ్లి చెరో పట్టీ పక్కనా పెట్టి పట్టుకున్నాడు.

"సూడే అమ్మీ, సరిగ్గా సరిపోనాయి! మన తోట రంగులే ఏయించినాడు మీ నాన్న."

నిజంగానే సరిపోయాయి. ఎర్ర పండు కావి కంటే కొంచెం ముదురు, అంతే.

"నీకేది నచ్చింది తాతా?"

"పసుపుదే. ఎర్రదాని రసం గొంతు పట్టేత్తాది" అన్నాడు. రంగు అడిగితే రుచి చెప్పాడని అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో అమ్మ నవ్వి అప్పటికి చాలా రోజులైంది. తాత రెండు పళ్లూ కోసి ఉప్పద్ది నాకు తినిపించాడు. గది రెండు రోజుల పాటు జీడిపళ్ల వాసనేసింది.

ఇంత మంది వచ్చినా నేను ఎదురుచూసే మనిషి మాత్రం రాలేదు. మాకు నాలుగిళ్ల అవతల నా స్నేహితురాలు ఉండేది. ఒకటో తరగతి నుంచి ఎస్సెల్సీ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను ఆసుపత్రి నుంచి వచ్చి మూడు వారాలు కావస్తోంది. రోజూ పది గంటలకి టైపు నేర్చుకోడానికి మా ఇంటి ముందు నుంచే వెళ్లేది. దాని చెప్పుల చప్పుడు నాకు కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒక రోజు ఆగింది. వీధి కిటికీ దగ్గర దాని జడా, భుజం మీద సంచీ కనిపించాయి.

"ఒలే" అంది.

నేను దుప్పటి మెడ దాకా లాక్కున్నాను.

"ఒలే, మీ ఇంట్లో రంగుల్ని సూడ్డానికి ఊరంతా వత్తన్నారటే. ఏ రంగులే?"

"రెండు రంగులు. ఈ గోడకే ఉన్నాయి. అక్కడ్నించి కనబడవు" అన్నాను.

అది తలుపు దగ్గరికి వచ్చింది. గడప అవతలే ఆగిపోయింది. దాని బొటనవేలు గడప మీద అటూ ఇటూ రాస్తూ ఉండడం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తర్వాత గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. మర్నాడూ కిటికీ దగ్గరికి వచ్చింది, అట్నించి అటే వెళ్లిపోయింది. మూడో రోజు చెప్పుల చప్పుడు ఆగడం, అది గడప దాటి గదిలోకి రావడం ఒక్కసారే జరిగిపోయాయి. నన్ను చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది.

"పసుపు బాగుంది" అంది గోడతో.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదే?" అన్నాను.

"టైపుకెళ్తన్నాను కదా."

"రోజంతా టైపేనా? నేను చచ్చిపోతే అప్పుడు వద్దామనుకున్నావా?"

ఆ మాట నేనే అన్నానా అని నాకే అనిపించింది. దాని వీపు కదిలింది. ఏడుస్తోందని తెలిసింది.

"మా అమ్మ ఒట్టేయించుకుందే. మీ ఇంటి మెట్లెక్కితే తన మీద ఒట్టంది. రోజూ ఇటు నుంచే ఎల్లేదాన్ని. వేరే దారి ఉన్నాది, దగ్గర దారి. అయినా ఇటే ఎల్లేదాన్ని. సప్పుడు గట్టిగా సేసుకుంటా ఎల్లేదాన్ని, నువ్వు వింటావని."

"మరి ఇప్పుడెందుకొచ్చావు? ఒట్టు తప్పినట్టు కాదా?"

"ఎదురింటి పెద్దమ్మ మా ఇంటికొచ్చి కావి కంటే పసుపే మేలని సెప్పింది. మొన్నేమో పసుపు కంటే కావే మేలని సెప్పింది. ఆవిడ రోజూ ఎల్లొత్తంది గదా, ఆవిడకేటీ కాలేదు గదా అన్నాను మా అమ్మతో. మా అమ్మ ఏటీ అన్లేదు. కాదన్లేదు గదాని వచ్చీసేను."

మంచం మీద కూర్చోమన్నాను. కూర్చుంది. కళ్లు తుడుచుకుని, మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. నా చేతి మీద ఇంజెక్షన్ల గుర్తులు చూసి వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. ఆ తర్వాత మాట్లాడుకోవడం మొదలుపెడితే ఆ రోజు దానికి టైపు పోయింది.

పసుపు ఎందుకు బాగుందో అది చెప్పినకొద్దీ నాకు కావి మీద అభిమానం పెరిగింది. మేమిద్దరం రోజూ దాని మీద పోట్లాడుకునేవాళ్లం. అది పసుపు పట్టీ కింద చాప వేసుకుని కూర్చునేది, తన పక్షం అదేనన్నట్టు. నాలుగో వారంలో ముసలాయన మళ్లీ వచ్చాడు. "ఇంకా తేల్లేదు" అన్నారు నాన్న. అతను విసుక్కుంటాడేమో అనుకున్నాను. నవ్వి, "అలగే బాబుగోరూ, గోడ ఎక్కడికి పోతాది" అన్నాడు. అంత దూరం వచ్చాడని నాన్న అతని చేత పెరటి ప్రహరీకి సున్నం వేయించి పంపారు.

వైశాఖం దగ్గర పడుతుండగా మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరు గారు వీపు మీద గొట్టం పెట్టి విని, వేళ్లతో కొట్టి చూసి, నీరు లేదన్నారు. బరువు పెరిగానన్నారు. లేచి ఇంట్లో తిరగొచ్చన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న పక్కన కూర్చున్నాను. ఊరు దగ్గరికి వస్తుండగా అడిగారు.

"ఏమైనా తేలిందా?"

"కావి నాన్నా."

"ఎందుకూ?"

ఎందుకో చెప్పాల్సి వస్తుందనుకోలేదు. "పొద్దున్న పూట పసుపే బాగుంటుంది. కానీ పొద్దున్న నాకు ఏమీ ఉండదు కదా, ఏ రంగైనా బాగానే ఉంటుంది. సాయంత్రం జ్వరం వచ్చే వేళ భయమేసేది. ఆ వేళకి పసుపుది జబ్బు మనిషి మొహంలా అయిపోయేది. కావిది వెచ్చగా ఉండేది. దాన్ని చూస్తుంటే ఆ గంట గడిచిపోయేది" అన్నాను.

నాన్న తల ఊపి కిటికీలోంచి బయటికి చూశారు.

ముసలాయన వచ్చాడు. పెద్దమ్మ చెప్పినట్టు ఇంకో ముంత సున్నం ఎక్కువ కలిపి, పసుపు పట్టీ మీంచి కూడా రెండు పూతలు కావి వేశాడు. నా స్నేహితురాలు గుమ్మంలో మూతి ముడుచుకుని నిలబడింది. నేను నడవలో కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. గుమ్మం పక్క గోడ దగ్గరికి వచ్చేసరికి అతను చెయ్యి ఆపి నా వైపు తిరిగాడు.

"నాను ఆ రోజు నీ మంచం ఎనకాల గోడ మీద ఏత్తానన్నాను పాపా. అక్కడైతే గుమ్మంలోంచే అందరికీ కనబడతాది. మీ నాన్నగోరు ఒద్దన్నారు. గుమ్మంలోంచి కనబడకూడదు, లోపలికొత్తే గాని కనబడకూడదు, ఈ గోడకే ఎయ్యి అన్నారు. ఎందుకో నాకు తెల్లేదు. తరవాత ఒచ్చినప్పుడల్లా గదిలో మనుసుల్ని సూసి తెలుసుకున్నాను."

అని మళ్లీ కుంచె ముంచాడు.

నేను నా వెనక నిలబడ్డ అమ్మ వైపు చూశాను. అమ్మకీ ఆ సంగతి తెలీదని ఆమె మొహమే చెప్పింది. చెంగుతో కళ్లు ఒత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి రాగానే ధైర్యం చేసి అడిగాను. "మంచం వెనకాల గోడ మీద ఎందుకు వేయించలేదు నాన్నా?"

"నీకు కనబడాలి కదా" అన్నారు ఆయన. కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయారు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ కావి ఒట్టి సున్నమే కాబట్టి ముట్టుకుంటే అంటుకునేది. గోడకి ఆనుకుని కూర్చున్న వాళ్లందరి వీపులూ ఎర్రగా అయ్యేవి. పెద్దమ్మ చీరల మీదా, నాన్న చొక్కాల మీదా ఆ మరకలు ఉండేవి. అమ్మ ఉతకలేక గొణిగేది. కొన్నాళ్లకి నాలుగిళ్ల అవతలి నా స్నేహితురాలి అమ్మ వీపు మీద కూడా ఆ మరక చూశాను. ఆవిడ ఒక రోజు ఏమీ జరగనట్టు మా అమ్మని చింతపండు అడగడానికి వచ్చి, గదిలో కూర్చుని, నాకు జుట్టు రాలుతోందని చూసి, తనే నూనె పెట్టి దువ్వింది. ఒట్టు మాట ఎవరూ ఎత్తలేదు.

ఎండలు కొంచెం తగ్గాక నన్ను తాత దగ్గరికి పంపుదామన్నారు. సముద్రపు గాలి మంచిదన్నారు. నా ఆసుపత్రికి తప్ప సెలవు పెట్టడం ఎరగని నాన్న రెండు రోజులు సెలవు పెట్టి తనే తీసుకెళ్లారు. పలాస దాకా ఒక బస్సు, అక్కణ్ణించి సోంపేటకి ఇంకో బస్సు. పలాసలో జీడిగింజలు కాల్చే పొగ వాసన బస్సులోకి వచ్చింది. సోంపేట దాటి బస్సు మమ్మల్ని ఒక మట్టి రోడ్డు మొదట్లో దింపి వెళ్లిపోయింది. తాత బండి పంపుతానన్నాడు, కానీ మేము అనుకున్నదానికంటే ముందు బస్సులోనే వచ్చేశాం. బండి ఇంకా రాలేదు.

"నడుద్దామా?" అన్నాను. నాలుగు నెలలు మంచం మీద ఉన్నదాన్ని, నాకు నడవాలని ఉంది.

నాన్న పెట్టె భుజాన పెట్టుకున్నారు. కొబ్బరి తోటల మధ్య ఇసుక దారి. అడుగు వేస్తే కాలు దిగబడేది. రెండు వైపులా జీడి చెట్లు నేలకి ఆనుకుని పాకి ఉన్నాయి. వాటి మీంచి ఉప్పు గాలి వచ్చేది. కొంచెం దూరం పోయేసరికి నాకు ఊపిరి అందక అడుగు నెమ్మదించింది. అలసిపోయానని చెప్పడం ఇష్టం లేదు. అంతలో నాన్న పెట్టె కింద పెట్టి దాని మీద కూర్చున్నారు.

"మోకాలు లాగేస్తోంది. కాస్త ఆగుదాం" అన్నారు.

నేనూ ఒక కొబ్బరిమట్ట మీద కూర్చున్నాను. గాలి తీసుకున్నాను. లేచి నడిచాం. ఇంకొంచెం దూరం పోయాక నా అడుగు మళ్లీ తడబడింది. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పెట్టె దించి, ఈసారి రెండో మోకాలు పట్టుకుని కూర్చున్నారు. అలా ఊరు చేరేలోగా నాలుగుసార్లు ఆయన మోకాళ్లు లాగాయి. నాలుగోసారి కూర్చున్నప్పుడు తోటల అవతల సముద్రం హోరు వినిపించింది. నాన్న చొక్కా గుండీ విప్పుకుని గాలి తగలనిస్తూ, ఆ హోరు వింటూ, ఎంతకీ లేవలేదు. నాకు ఊపిరి ఎప్పుడో కుదుటపడింది. అయినా ఆయన్ని తొందరపెట్టాలని అనిపించక, నేనూ అలాగే కూర్చున్నాను.